సొంత వాక్యాలు

పదో తరగతి ఇంగ్లీషు పేపర్లో ఒక ప్రశ్న తప్పకుండా ఉండేది. కొన్ని మాటలిచ్చి, వాటితో సొంత వాక్యాలు రాయమనేవారు. మా వైపు ఏ పిల్లవాడూ ఆ ప్రశ్నకు సొంత వాక్యం రాయగా నేను చాలా ఏళ్లు చూడలేదు. ట్యూషన్ సారు చెప్పిన వాక్యాన్ని బట్టీ పట్టి, అదే రాసి వచ్చేవారు. ఒక సారు దగ్గర ఎంతమంది చదివితే అంతమంది పేపర్లలోనూ అదే వాక్యం. దిద్దేవాళ్లకూ ఈ సంగతి తెలుసు. తప్పు లేకపోతే మార్కు వేసేవారు.

తొంభైల చివర్లో నేను మేడ్చల్‌లో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ఇల్లు అలియాబాద్‌లో. సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి వసారాలో పిల్లలు చాప పరుచుకుని కూర్చుని ఉండేవారు. అంతా సర్కారు బడి పిల్లలు. అలియాబాద్ వాళ్లు కొందరు, శామీర్‌పేట నుంచి నడిచివచ్చేవాళ్లు కొందరు.

గైడులో వాక్యాలు నాకు నచ్చేవి కావు. కొండల దృశ్యం రమణీయంగా ఉన్నదనీ, వెన్నెల వెండిలా కురుస్తున్నదనీ ఉండేవి. అవి ఎవరూ ఎప్పుడూ ఎవరితోనూ అనే మాటలు కావు. పిల్లలకు గుర్తుండేవి కూడా కావు. గుర్తుండే వాక్యాలు నా భార్య చెప్పేది. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఏడో తరగతితో బడి మానింది. నేను వసారాలో పాఠం చెబుతుంటే ఆమె వంటింటి గడప మీద కూర్చుని కూరగాయలు కోసేది. కొత్త మాట వస్తే నేను అర్థం చెప్పేవాణ్ణి. ఆమె కత్తిపీట ఆపి కాసేపు ఆలోచించి, ఇంట్లోనో వీధిలోనో జరిగినదాన్నే వాక్యం చేసి చెప్పేది. నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చి బోర్డు మీద రాసేవాణ్ణి.

ఒకసారి రిలక్టెంట్ అనే మాట వచ్చింది.

"గదంటే ఏంది?" అన్నది ఆమె.

"ఇష్టం లేక వెనకాడుడు."

"మా అత్త బర్రెను అమ్మనీకి ఎనకముందాడుతాంది. రాస్కో సారూ."

పిల్లల ముందు నన్ను ఆమె కూడా సారూ అనేది, ఎగతాళిగా. అప్పుడు మా అమ్మ ఊళ్లో ఒక ముసలి బర్రెను పట్టుకుని కూర్చున్న మాట నిజమే. అది పాలివ్వదు, ఈమె అమ్మనివ్వదు. నేను వాక్యాన్ని మార్చి రాశాను. పిల్లలు బుర్రకెక్కించుకున్నారు.

మూడు నెలల పరీక్షల తర్వాత సర్కారు బడి ఇంగ్లీషు మాస్టారు అలియాబాద్ చౌరస్తాలో కలిశాడు. నన్ను చూడగానే నవ్వాడు.

"ఏం సార్, మా పదో తరగతి పోరగాండ్లందరికీ లగ్గాలు జేసినవా?"

"ఏమైంది సార్?"

"ఒక్కొక్కనికి ఒక మదర్-ఇన్-లా ఉన్నది. ఆమెకు ఒక బర్రె ఉన్నది. ఏ ఒక్కామె గూడ దాన్ని అమ్మనంటది!"

ఇంటికి వచ్చి చెబితే నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక, "మరి మార్కేసిండా?" అన్నది.

"ఏసిండు."

"ఏసినంక ఇంకేంది! అత్త ఎవలదైతేంది."

పాఠాల్లో అలంకారాల పేర్లు కూడా ఉండేవి. సిమిలీకి గైడులో ఉదాహరణ, ఆమె ముఖం చంద్రునిలా ఉన్నది. "మొకం మీద గుంటలున్నయా ఏంది?" అన్నది నా భార్య. ఆమె ఉదాహరణ వేరు: మా పక్కింటాయన కొత్త కండక్టర్ లెక్క ఒర్రుతడు. ఐరనీకి అర్థం చెప్పడానికి నేను చాలా కష్టపడ్డాను. అంతా విని ఆమె, "నీళ్ల ట్యాంకు కిందున్న ఇంటికే నల్లా రాదు. గంతేనా?" అన్నది. అంతే. మేముండేది ట్యాంకు కిందే.

దీపావళి దాటాక ఆమెకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. పెద్దాసుపత్రికి తీసుకుపోయేసరికి ఆలస్యమైందన్నారు. చలికాలం మొదలు కాకముందే ఆమె పోయింది.

మా బడిలో సంతాపసభ పెట్టారు. మాటకారిగా పేరున్న ఒక ఉపాధ్యాయుడు కాగితం చూసి చదివాడు. ఆమె దీపమని, నా జీవితనౌకకు చుక్కాని అని అన్నాడు. మంచి మనసుతోనే రాశాడు. నేను ఆ కాగితంలో ఆమెను వెతికాను. అన్నం మాడ్చి, మాడింది నా పళ్లెంలో వేసి, "గట్లనే ఉంటది, తిను" అనే మనిషి అందులో ఎక్కడా లేదు.

ట్యూషన్ మానేశాను. పిల్లలు కొన్నాళ్లు వచ్చి, తాళం చూసి పోయారు. బడికి పోయేవాణ్ణి, వచ్చేవాణ్ణి. హకీంపేట వైపు నుంచి విమానాలు ఇంటి మీదుగా తిరిగేవి. అవి వస్తే మాట ఆపి, పోయాక అదే మాట అందుకోవడం ఆమెకు అలవాటు. ఇప్పుడు ఆపడానికి మాటలేవీ ఉండేవి కావు.

వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం ఎవరో గొళ్లెం కొట్టారు. పలకరించి పోవడానికి ఎవరో వచ్చారనుకుని లేవలేదు. మళ్లీ కొట్టారు. చాలాసేపటికి పోయి తీశాను. శామీర్‌పేట రోడ్డు పక్కన చేపలు అమ్మే ఆమె, ఆమె కూతురు. ఆ పిల్ల నా దగ్గర చదివినదే. వంటింటి గడపకు అందరికన్నా దగ్గరగా కూర్చునేది.

"సారూ, గీ పోరి ఒక్క ఇంగిలీషులనే పోయింది," అన్నది తల్లి. "నువ్వు ట్యూషన్ బంజేసినవ్, ఇది గట్ల పోయింది."

"అమ్మా!" అన్నది పిల్ల.

"ఉన్నమాటనే అంటున్న గద. సారూ, జూన్‌ల మల్ల పరీక్షున్నదంట. గట్టెక్కితే మేడ్చల్ కాలేజీల ఏస్త. లేకపోతే ఇగ నా ఎంబడి గంప పట్టుకొని రావాలె. దీనికేమో చేపల వాసన పడది. చేపలోళ్ల పిల్లకు గిదేం రోగమో!"

కాదనడానికి కారణం ఏదీ తోచలేదు. మర్నాటి నుంచి రమ్మన్నాను.

మొదటి రోజు, ఏం గుర్తున్నదో చూద్దామని రిలక్టెంట్ అన్నాను. ఆ పిల్ల గోడ వైపు చూస్తూ, "మా అత్త బర్రెను అమ్మనీకి ఎనకముందాడుతాంది," అని, ఆ వెంటనే ఇంగ్లీషు వాక్యం చెప్పింది. మిగతా పిల్లలు బోర్డు మీది ఇంగ్లీషే నేర్చుకున్నారు. ఈ పిల్ల రెండూ నేర్చుకున్నది. ఎనకముందాడుతాంది అనడంలో చివరి సాగదీత కూడా నా భార్యదే. నేను మంచినీళ్లు తాగి వస్తానని లోపలికి పోయి, కుండ దగ్గర కొంతసేపు నిలబడ్డాను.

ఆ పిల్ల మార్చి నెల పరీక్ష ప్రశ్నపత్రం తెచ్చింది. సొంత వాక్యాల దగ్గర ఏమీ రాయలేదని చెప్పింది.

"మీనింగులు తెల్వలేదా?"

"తెల్సు సార్."

"మరి?"

"అవ్వి అక్క చెప్పలే గద." నా భార్యను పిల్లలంతా అక్కా అనేవారు.

"నువ్వు చెప్పుకోవాలె బిడ్డా. గందుకే సొంత వాక్యమన్నరు."

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "నా సొంతానికి ఏముంటది సార్?" అన్నది.

ఇక అక్క లేదు. పరీక్షలో ఏ మాటలిస్తారో తెలియదు. ఈ పిల్ల తన వాక్యం తాను చేసుకోగలిగితే కాలేజీ, లేకపోతే చేపల గంప. నేనే కొత్త వాక్యాలు చెబుదామని చూశాను. రావడం లేదు. సాయంత్రం పూట పదాల పట్టిక ముందేసుకుని కూర్చుంటే గైడు మాటలే వచ్చేవి. కొండలు, వెన్నెల. అవే చెప్పాను. పిల్ల బుద్ధిగా రాసుకున్నది, మర్నాటికి మరిచిపోయింది.

"గివి అక్క చెప్పినట్టు లేవు సార్," అన్నది ఒకరోజు, మెల్లగా.

గైడు మూసేశాను. "పొద్దున మీ అమ్మ గంప కాడ ఏమైంది?" అని అడిగాను.

"ఏం గాలే."

మర్నాడూ అడిగాను, ఏం గాలే అన్నది. ఆ తర్వాతి రోజు నేను అడగకముందే మొదలుపెట్టింది.

"కొంపల్లి నుంచి కార్ల ఒకాయన వచ్చిండు సార్. అద్దం గింతంత దించి, చేప బతికున్నదా అన్నడు. ధర గింత తక్కువ అడిగిండు. మా అమ్మ, 'ఇప్పటిదాంక బతికే ఉండె సారూ, నీ ధర విని పానం ఇడిసింది' అన్నది."

నేను నవ్వాను. ఆ ఇంట్లో చాలా రోజులకు నవ్వు వినిపించింది, నాకే కొత్తగా ఉన్నది.

"మీ అమ్మ మాటల టోన్ ఏంది?"

"ఎటకారం సార్."

"దాన్నే సార్కాస్టిక్ అంటరు. ఇప్పుడు వాక్యం చెయ్."

చేసింది. తప్పులున్నాయి, దిద్దాను. ఆ తర్వాత మెల్లగా రావడం మొదలైంది. ఇన్‌ఎవిటబుల్ అంటే తప్పనిది అన్నాను. చెరువుల నీళ్లు తగ్గితే కొంగలు వచ్చుడు తప్పదు అన్నది. ఎగ్జాజరేట్‌కు వాళ్ల మామ వచ్చాడు, చేతులు చాపి తాను పట్టిన చేప పొడవు చూపిస్తూ. కవితల పాఠంలో ఎలిజీ ఉన్నది. చనిపోయినవాళ్ల మీద రాసే పద్యం అని మాత్రం చెప్పి, పేజీ తిప్పాను.

సాలిటరీ అనే మాట వచ్చిన రోజు ఆ పిల్ల తొందరగా వచ్చింది. నేను వంటింట్లో అన్నం తింటున్నాను. తిని, చేయి కడుక్కుని వచ్చి పాఠం మొదలుపెట్టాను. ఒంటరిగా ఉండే మనిషి గురించి, వస్తువు గురించి వాడతారని చెప్పాను. గైడులో ఒంటరి చెట్టు ఉన్నది. అది చెప్పలేదు.

ఆ పిల్ల కొంచెం ఆలోచించింది. పుస్తకంలోకి చూస్తూ, "ఒంటిగున్నోళ్లు నిలవడి తింటరు," అన్నది. తర్వాత ఇంగ్లీషులో కూడా తానే చెప్పింది. నేను దిద్దవలసింది ఏమీ లేదు. బోర్డు మీద రాశాను.

నేను నిలబడి తింటున్నానని అప్పటిదాకా నాకు తెలియదు. ఆ సాయంత్రం పళ్లెం పట్టుకుని, ఎప్పుడూ కూర్చునే చోట కింద కూర్చున్నాను. కూర్చుంటే ఎదురుగా వంటింటి గడప కనిపించింది. ఎందుకు నిలబడి తింటున్నానో తెలిసింది. అయినా లేవకుండా తిన్నాను.

పరీక్షలయ్యాయి. వానలు పడి చెరువులోకి కొంత నీరు వచ్చాక ఫలితాలు వచ్చాయి. తల్లీ కూతుళ్లు ఇద్దరూ వచ్చారు. తల్లి చేతిలో తామరాకులో చుట్టిన చేప ఉన్నది. పిల్ల వీధి గడప దిగువనే నిలబడి పాసైనానని చెప్పింది. మార్కులు ఎక్కువేం కావు, గట్టెక్కింది.

"సొంత వాక్యాలల్ల రిలక్టెంట్ వచ్చింది సార్."

"బర్రె వాక్యం రాసినవా?" అన్నాను వెంటనే.

"లే సార్. కలం దాంక వచ్చింది గని రాయలే. నాదే రాసిన."

"ఏం రాసినవ్?"

ఆ పిల్ల తల్లి వైపు ఒకసారి చూసి ఇంగ్లీషులో చెప్పింది.

"ఏమంటాంది సారూ?" అన్నది తల్లి.

"మీరు మొదలు వచ్చిననాడు నేను తలుపు తీయనీకి ఎనకముందాడిన్నంట."

"అబద్ధమా మరి? మస్తుసేపు ఎండల నిలవెట్టినవ్," అని ఆమె చేప నా చేతికిచ్చింది. అంతలోనే తిరిగి తీసుకున్నది. "నీకేం కడుగనొస్తది, ఇటియ్," అని వెనక నల్లా దగ్గరికి పోయింది. నల్లాలో నీళ్లు రాలేదు. పిల్ల బకెట్‌తో తెచ్చి పోసింది, ముక్కు మూసుకుని.

సంతోషించాను. నేను నేర్పాలనుకున్నది అదే, ఆ పిల్ల నేర్చుకున్నదీ అదే. అయినా వాళ్లు పోయాక, రాయని ఆ బర్రె వాక్యమే తలలో తిరిగింది. తర్వాతి ఏడు మళ్లీ ట్యూషన్ మొదలుపెట్టాను. కొత్త పిల్లలకు ఆ వాక్యం చెప్పలేదు. ఎవరి వాక్యం వాళ్లను చేసుకోమన్నాను.

ఆ బర్రె చివరిదాకా మా అమ్మ దగ్గరే ఉండి, అక్కడే చచ్చిపోయింది. తర్వాత అమ్మ కూడా పోయింది. ఆ వాక్యం బట్టీ పట్టిన పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారో, ఎవరికైనా అది గుర్తున్నదో లేదో తెలియదు. ఉన్నా, వాళ్లకు అది పరీక్ష కోసం నేర్చుకున్న వాక్యం. అది ఒక ఇంట్లో నిజంగా జరిగిన సంగతని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.