బ్యాటరీ లేని సెట్టు పంపిన చుక్కలు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వు కాదు, కోపం వచ్చేది. ఇప్పటికీ వస్తుంది. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు.

తొంభైల చివర్లో కరీంనగర్‌లో మా ఇంట్లో హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి మాట్లాడుకునే వైర్‌లెస్ సెట్టు, ఉండేది. గోదావరి పొంగిన ఆ ఏడు నా దోస్తు రాజన్న తన సెట్టు పట్టుకుని ధర్మపురి దగ్గర ఒక బడిలో పెట్టిన వరద శిబిరానికి పోయాడు. ఆ సెట్టు పది నిమిషాలకోసారి తానున్న చోటు దానంతటదే పంపుతుంది. నా కంప్యూటర్లో పటం మీద చుక్క పడుతుంది. అయితే ఆ చోటు అక్షాంశ రేఖాంశాల అంకెలు ముందుగా మేమే సెట్టులో చేత్తో కొట్టాలి. ఒక్క అంకె తప్పినా చుక్క ఎక్కడో పడేది. దాని మీద ఒకరినొకరం ఏడిపించుకునేవాళ్లం.

పొద్దున చుక్క బడి మీదే ఉంది. పన్నెండు దాటాక నది నడుమ ఇసుక దిబ్బ మీద పడింది. రాజన్న మళ్లీ తప్పు కొట్టిండనుకుని గంటసేపు నవ్వుకుంటూ కూర్చున్నాను. ఆ గంట గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రేడియోలో ఎంత పిలిచినా రాజన్న పలకలేదు. శిబిరానికి ఫోన్ చేసి చుక్క సంగతి చెప్పాను. అక్కడి అధికారి కసురుకున్నాడు.

"పెద్దసారు వస్తుండని మైకుసెట్టుకు ఆ రేడియో బ్యాటరీ తీసుకున్నం. సెట్టు నా బల్ల మీదనే ఉన్నది. మీ రాజన్న అది లేకుంటనే పడవల అవుతలి ఒడ్డుకు పోయిండు. చుక్క జూసి నేను పడవ పంపాల్నా?"

ఆయన మాట్లాడుతుండగానే నా ఎదురుగా దిబ్బ మీద ఇంకో చుక్క పడింది. పడవ పంపమని అరిచాను. పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

నాలుగింటికి చుక్కలు ఆగిపోయాయి. ఐదింటికి, పెద్దసారు వెళ్లాక, పడవ పోయింది. రాజన్న పడవ తిరగబడి ఆ దిబ్బ మీదే చిక్కుకున్నాడు. తువ్వాలతో నడుమును తుమ్మకొమ్మకు కట్టుకుని ఉన్నాడట. ప్రాణం పోయి గంటయ్యుంటుందన్నాడు డాక్టరు.

సెట్టు తెచ్చి కొత్త బ్యాటరీ వేసి చూశాను. లోపల ఉన్నవి బడి అంకెలే. దిబ్బ అంకెలు ఎవరూ కొట్టలేదు. తెలిసిన హామ్ రేడియో వాళ్లందరినీ అడిగాను. రాజన్న పేరు మీద ఎవరూ ఏమీ పంపలేదు.

వరద పనులు బాగా చేశాడని ఆ అధికారికి తర్వాత శాలువా కప్పారు. పేపర్లో ఫోటో చూసి ముక్కలు ముక్కలుగా చింపేశాను.

చుక్కలు ఎట్లా వచ్చాయో నాకు నేటికీ అంతుపట్టలేదు. రాజన్న భార్య లచ్చవ్వకు దాచకుండా అన్నీ చెప్పాను, నవ్వుకున్న గంటతో సహా. ఆమె చుక్కల గురించి ఏమీ అడగలేదు.

"ఆయన నీకే గద చెప్పిండు, అన్నా," అంది.