గడ్డిమోపు తెచ్చిన సుందరమ్మ

డెబ్బైల చివర్లో నేను నర్సీపట్నంలో టీచరును. క్రిస్మస్ ఉదయం మా చర్చిలో బాలయేసు తొట్టెలో పరచడానికి కూలిపని చేసే సుందరమ్మ నాతవరం వైపు పల్లె నుంచి గడ్డిమోపు మోసుకొచ్చింది. ఒళ్లంతా నలుసులు. కొత్త జంఖానాలు పాడవుతాయని, "లోపల చోటు లేదు, చెప్పుల దగ్గర కూర్చో" అన్నాను. నిజానికి పెద్దల కోసం ఉంచిన ముందు వరస ఖాళీగానే ఉంది.

తర్వాత నేనే లేచి, లోకానికి ప్రభువైనవాడు సత్రంలో చోటు దొరక్క పశువుల పాకలో పుట్టాడని, అంతగా తగ్గించుకున్నాడని గొంతెత్తి చెప్పాను.

ఆరాధన అయ్యాక బయటికొస్తే సుందరమ్మ కళ్లు తుడుచుకుంటోంది.

"బాగా సెప్పేరు టీచరమ్మగారూ. నిండు సూలాలికి సోటు నేదనడానికి ఆల్లకి మనసెలా ఒప్పిందోనండి" అంది.

ఆమె నన్ను దెప్పలేదు, మరియమ్మ కోసమే ఏడ్చింది. ఇప్పటికీ క్రిస్మస్ నాడు నేను చెప్పుల దగ్గరే కూర్చుంటాను.