కీహో వేళ్ళు

పొద్దున్నే బార్నీ కీహో గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో చేతులు ముంచి, వంకరపోయిన వేళ్ళను ఒక్కొక్కటిగా పలకరించేవాడు. బేస్‌బాల్‌లో బ్యాటు పట్టినవాడి వెనక వంగి, దూసుకొచ్చే బంతులను వట్టి చేతులతో పట్టడం అతని ఉద్యోగం. అందుకే అతను ఆడే ట్రాయ్ ఊరి జట్టు చరిత్రంతా ఆ వేళ్ళ మీదే ఉండేది. చిటికెనవేలు విరిగిన ఏడు జట్టు అట్టడుగున మిగిలింది. ఉంగరంవేలు సొట్టపోయిన ఏడు వరసగా పదమూడు ఆటలు గెలిచింది. "వేళ్ళతో కబుర్లయితే దేవుడికి దణ్ణం పెట్టు నాయనా, కాఫీ చల్లారిపోతోంది" అనేది పూటకూళ్ళ గిల్‌ఫాయిల్ అమ్మ. అతను నవ్వి, ఆ వంకర వేళ్ళనే జోడించేవాడు.

ఒక ఏడు ఆఖరి ఆట గెలిస్తే విజేతల జెండా ట్రాయ్‌దే. ఆనాటికి బార్నీ బొటనవేలు వంకాయలా వాచి ఉంది. అది చూసి, బంతి విసిరే ఎల్మర్ జాలిపడి మెత్తగా విసరసాగాడు. అవతలివాళ్ళు ఎడాపెడా బాదేస్తున్నారు. "ఏమోయ్ ఎల్మర్, ఉయ్యాల ఊపుతున్నావా?" అని జనం గోల. బార్నీ నింపాదిగా నడిచివెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"నీది మంచి మనసేరా తమ్ముడూ. కానీ నామీద జాలితో మనం ఓడిపోతే చలికాలమంతా నాకు నిద్రపట్టదు. నాకో సాయం చెయ్యి. నీ బలమంతా పెట్టి విసురు."