ఎనిమిదిన్నరకే చల్లబడ్డ పాదాలు

ఆస్పత్రిలో ఆమెను అందరూ కాళ్ళ సిస్టర్ అంటారు. మగవాళ్ళ వార్డులో పొద్దున డ్యూటీకి రాగానే ఆమె కేసు షీటు తెరవదు, బీపీ మిషను ముట్టుకోదు. మొదటి మంచం నుంచి చివరి మంచం దాకా నడుస్తూ, దుప్పటి కొస ఎత్తి, ప్రతి పేషెంటు పాదానికీ తన చేతి వెనకవైపు ఆనించి చూస్తుంది. "మనిషి దాస్తాడు, మిషను మొరాయిస్తుంది, పాదం మాత్రం ఉన్నదున్నట్టు చెబుతుంది" అంటుంది. ఇరవై నాలుగేళ్ళుగా పాదాలు ఆమెకు చెప్పినవి ఆమె డాక్టర్లకు చెప్పింది, డాక్టర్లు తమ పేర్లతో రాసుకున్నారు.

పైచదువు చదవాలని ఆమెకూ ఉండేది. మొదటిసారి దరఖాస్తు తెచ్చుకున్న ఏడే అత్తగారికి పక్షవాతం వచ్చింది. మూడేళ్ళు ఎత్తడం, దించడం, తినిపించడం అన్నీ ఈవిడవే. అత్తగారు కోలుకున్నారు. ఆవిడకు అన్నిటికంటే ముందు తిరిగొచ్చింది నోరు. రెండోసారి అడిగితే మేట్రన్ భుజం తట్టి, "నువ్వు వెళ్తే ఈ వార్డు ఎవరు చూస్తారమ్మా?" అంది. అది పొగడ్త అనుకుని మురిసిపోయింది పిచ్చిది. ఆ మురిపెం తీరేసరికి నలభై అయిదు దాటాయి, ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు సీట్లిచ్చే సర్వీసు కోటాకు వయసు దాటిపోయింది. నింపని ఆ ఫారం ఇప్పటికీ బీరువాలో బట్టల అడుగున ఉంది.

ఇక తోడికోడలు. మరిది పెళ్ళాం కాపురానికి వచ్చిన కొత్తలో నర్సింగు డిగ్రీ అయితే ఉంది గానీ, సూది పట్టుకుంటే చెయ్యి వణికేది. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, తన చెయ్యే చాపింది కాళ్ళ సిస్టర్.

"ఇదిగో, గుచ్చు. నేనైతే అరుస్తాను, పేషెంటైతే తంతాడు. ఏది నయమో నువ్వే చూసుకో."

ఆ వారమంతా మోచేతి మడతలో నల్లటి మచ్చలతోనే డ్యూటీకి వెళ్ళింది. నరం దొరకబుచ్చుకోవడమూ, పాదం చూడడమూ, కోపంగా ఉన్న డాక్టరుకు కబురు ఎలా చెప్పాలన్నదీ, అన్నీ అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు నేర్పింది. అదే ఇల్లు, అదే బస్సు, అదే ఆస్పత్రి. "అక్కా, అక్కా" అంటూ చిన్నది వెంట తిరుగుతుంటే సొంత చెల్లెలు లేని లోటు తీరిందనుకుంది.

రెండేళ్ళ కిందట ఆ చిన్నదానికి పీజీ సీటు వచ్చింది. పెద్దవయసు రోగుల వైద్యంలో నర్సులకిచ్చే పైచదువు. అది పూర్తయితే రోగిని తానే పరీక్షించవచ్చు, హద్దుల్లో మందులు మార్చవచ్చు, డాక్టర్లు పిలిచి అభిప్రాయం అడుగుతారు. అత్తగారు ఎదురింటావిడతో, "మా చిన్నకోడలు సగం డాక్టరు" అంది.

"మరి పెద్దకోడలో?"

"అదా, అదీ నర్సే."

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టని సామెత. అప్పుడు చిన్నది నిజంగానే నవ్వింది. దేనికి నవ్విందో ఏమో, సిగ్గుతోనే అయ్యుండొచ్చు. కానీ ఆ రోజు నుంచి పెద్దావిడ కడుపు మండుతూనే ఉంది. భోజనాల బల్ల నిండా ఆ పిల్ల పుస్తకాలు. పళ్ళెం పెట్టుకోవడానికి చోటుండదు. పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడు దొంగలా పేజీలు తిప్పేది. అందులో ఉన్నవి చాలావరకు తనకు తెలిసినవే. తనకు తెలియనివి వాటి పేర్లు. తన విద్యే కొత్త కోటు వేసుకుని వచ్చి తనను ఎవరని అడుగుతున్నట్టు ఉండేది.

చిన్నదానికి చివరి పరీక్ష ఈ వార్డులోనే పడింది. తొమ్మిది మంచాలు వరసగా చూసి, ఒక్కొక్కరికీ ఏమవుతోందో, ఏం చెయ్యాలో చెప్పాలి. పక్కన వార్డు సీనియర్ నర్సు నిలబడి చూసి సంతకం చెయ్యాలి. సంతకం లేకపోతే ఆరు నెలలు మళ్ళీ మొదటి నుంచి. ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్ళని కాలేజీకి తెలుసు, కానీ ఆ వార్డులో కాళ్ళ సిస్టర్ కంటే సీనియర్ ఎవరున్నారు? చూసేవాళ్ళకు ఒకటే నియమం. పరీక్ష జరుగుతున్నంతసేపూ నోరు విప్పకూడదు. రోగికి ప్రమాదం అనిపిస్తే మాత్రం వెంటనే ఆపి చెప్పాలి.

ఆ పొద్దున ఎనిమిదిన్నరకు కాళ్ళ సిస్టర్ తన అలవాటు ప్రకారం పాదాలు చూసుకుంటూ వెళ్ళింది. తొమ్మిదో మంచం మీద గుండె జబ్బుతో చేరిన బస్సు డ్రైవరు. "రండి సిస్టర్, బండి కండిషన్లోనే ఉంది" అన్నాడు నవ్వుతూ. పాదానికి చెయ్యి ఆనించింది. చీలమండ దాకా చల్లగా ఉంది. కేసు షీటు తిప్పితే బీపీ మామూలుగానే ఉంది. మామూలుగా ఉండే బీపీని నమ్మకూడదని ఆమెకు తెలుసు. గుండె లోపల అలిసిపోతున్నప్పుడు ఒళ్ళు ముందుగా కాళ్ళకు రక్తం తగ్గిస్తుంది, బీపీ ఆఖరున పడుతుంది.

డాక్టరు గది ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఆమె దుప్పటి మళ్ళీ కప్పింది.

'పరీక్షలో ఉన్న మంచం గదా. నేనెలా చెబుతాను? నియమం ఉందాయె' అనుకుంది. మనసు అబద్ధమాడుతుంటే తెలియనంత అమాయకురాలు కాదు. పరీక్ష మొదలవడానికి ఇంకా అరగంట ఉంది. ఆ పిల్ల తొమ్మిదో మంచం దగ్గర బీపీ చూసి "బాగానే ఉంది" అనాలి. ఆ ఒక్క మాట అందరి ముందూ అనాలి. రెండేళ్ళుగా ఆమె ఇంత గట్టిగా దేన్నీ కోరుకోలేదు.

చిన్నది తొమ్మిదింటికి వచ్చింది. పుస్తకంలో ఉన్న వరస ప్రకారం ఒకటో మంచం, రెండో మంచం, మూడో మంచం. అడగడం, వినడం, తట్టి చూడడం, రాయడం. బాగా చేస్తోంది, ఖర్మ. నాలుగో మంచం దగ్గర పెన్ను ఆగింది.

"అక్కా, ఒక్క నిమిషం. పాదాలు చూడకుండా మొదలెట్టేశాను. నాకు కాలూ చెయ్యీ ఆడట్లేదు."

పుస్తకం మంచం మీద పెట్టేసి మళ్ళీ ఒకటో మంచం నుంచి నడుచుకుంటూ వచ్చింది. దుప్పటి కొస ఎత్తి, చేతి వెనకవైపు ఆనించి. అచ్చం పెద్దావిడలాగే, మడమ దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆపడంతో సహా. వరస తప్పినందుకు మార్కులు కొట్టెయ్యొచ్చని కాళ్ళ సిస్టర్‌కు తోచింది. అలా తోచినందుకు నోరు చేదయింది.

తొమ్మిదో మంచం దగ్గర పిల్ల ఆగిపోయింది. బొటనవేలి గోరు నొక్కి వదిలింది, తెల్లబడ్డ గోరు ఎంతకీ ఎర్రబడలేదు. మంచం పక్కనున్న మూత్రం సంచీ ఎత్తి చూసింది, అడుగున కొంచెం ఉందంతే.

"అక్కా, డాక్టరుగారిని పిలుస్తున్నాను. పరీక్ష పోతే పోయింది."

అప్పటికి తొమ్మిది ఇరవై. డ్రైవరుకు నవ్వు తగ్గిపోయి చెమటలు పట్టాయి. మరో పావుగంటకు బీపీ కూడా పడింది, కానీ అప్పటికే ఐసీయూలో అన్ని తీగలూ తగిలించి ఉన్నాడు. మధ్యాహ్నానికి డాక్టరు బయటికి వచ్చి, "గట్టెక్కుతాడు. ఎవరు పట్టారు దీన్ని?" అన్నాడు. అందరూ చిన్నదాన్ని చూపించారు. చిన్నదేమో అక్క వైపు చూపించింది.

"ఈవిడ నేర్పిందేనండీ."

ఆ మాటకి కాళ్ళ సిస్టర్‌కు ఏడుపొచ్చినంత పనయింది.

నర్సుల గదిలో పరీక్ష ఫారం బల్ల మీద ఉంది. పిల్ల అన్నీ నింపి, ఒక్క గడి వదిలేసింది. ప్రమాద సూచన మొదట ఎవరు, ఎన్ని గంటలకు గమనించారు?

"ఏం వదిలేశావు? నీ పేరు రాసుకో."

"పొద్దున నువ్వు చూసుంటావు కదక్కా. అప్పుడు వెచ్చగానే ఉన్నాయా?"

అవునంటే అయిపోయేది. పాదాలకు సాక్ష్యం ఎవరు?

"చల్లగానే ఉన్నాయి."

"మరి..."

"నువ్వు తప్పాలని చూశాను. నీకు చదువు వచ్చిందని నాకు కడుపుమంట. అంతే, ఇంకేం లేదు."

పిల్ల కుర్చీలో కూర్చుండిపోయింది. ఖాళీ గడి మీద వేలు పెట్టింది. నెమ్మదిగా, "అక్కా, అది రాస్తే మేట్రన్ నిన్ను నిలబెట్టి అడుగుతుంది" అంది.

"అడగనీ."

అసూయ తీరిందా అంటే తీరలేదు. కింద సంతకం పెడుతున్నప్పుడు కూడా, ఈ కాగితంతో ఈ పిల్ల ఎక్కడికి వెళ్తుందో తలచుకుంటే లోపల భగ్గుమంటూనే ఉంది. అయినా పెట్టింది. ఆ తర్వాత ఖాళీ గడి దగ్గరికి వచ్చింది. ఇరవై నాలుగేళ్ళలో ఏ రోగి కాగితం మీదా, 'మొదట గమనించినవారు' అన్న చోట ఆమె పేరు ఎక్కలేదు. పూర్తి పేరు, గుండ్రటి అక్షరాలతో, ఎవరైనా చదివేలా రాసింది. పక్కన ఎనిమిదిన్నర అని వేసింది. దాని కింద, 'ఎవరికీ చెప్పలేదు' అని రాసి, పెన్ను మూసి పిల్ల చేతికిచ్చింది.