మందునీళ్ళ తొట్టి

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి, కాఫీ గ్లాసు పట్టుకుని ఫోను తెరిస్తే, నల్లకళ్ళద్దాలవాడొకడు సీమపందుల షెడ్డు ముందు నిలబడి ఉపన్యాసం ఇస్తున్నాడు. పందులకి ఏ రోగమూ రాదట, ఏది పడేస్తే అది తింటాయట, మనం పడుకుని లేచేసరికి పిల్లలు పెడతాయట. నాకు ఒళ్ళు మండిపోయింది. కాఫీ చల్లారిపోయేదాకా వాణ్ణి తిట్టాను. ఫోన్లో ఉన్నవాడికి వినపడదని మా ఆయన గుర్తుచేస్తే ఆయన్నీ నాలుగు తిట్టాను. షెడ్డు వెనక ఒక్కసారైనా గొయ్యి తవ్వించుకున్నవాడైతే అలా ఇకిలిస్తూ మాట్లాడతాడా?

కొన్నేళ్ళ కిందట మా చెల్లెలు నక్కపల్లి దగ్గర ఇంటి వెనక జాగాలో పందులు పెట్టింది. అంతకుముందు పరవాడలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. తెల్లారకుండా బస్సెక్కేది, సాయంత్రం ఆ మందుల గాలికి దగ్గుకుంటూ దిగేది. "ఈ షెడ్డు నిలబడితే ఇంక ఆ బస్సు మొహం సూడనక్కా" అంది నాతో. నిలబెట్టడానికి అది పడిన పాట్లు నాకు తెలుసు. మొదటి ఈతలో తల్లి పంది పిల్లల మీదే పడుకుని సగం పిల్లల్ని నలిపేసింది. అంత ఒళ్ళున్నదానికి కింద ఏది నలిగిందో ఏం తెలుస్తుంది? చెల్లెలు రెండు రోజులు ఏడ్చి, పిల్లలు దూరి తప్పించుకునేలా గోడ వారన ఇనప పైపులు బిగించింది. పందికి చెమట పట్టదన్న సంగతి ఎండలకి ఒకటి వగర్చి పడిపోయాక తెలిసింది. అప్పటినుంచి మధ్యాహ్నాలు తను అన్నం మానేసైనా వాటి మీద నీళ్ళు కొట్టేది. హోటలు ఎంగిలి ఉడకబెట్టకుండా పెట్టొద్దని పశువుల డాక్టరు చెబితే, నేను వెళ్ళినప్పుడు నాకు టీ ఇవ్వడం మరిచిపోయేది గానీ ఆ డేగిశా పొయ్యెక్కించడం మరిచేది కాదు. పెద్ద ఆడపందిని 'ఆడపడుచు' అని పిలిచేది, ఏం పెట్టినా మూతి తిప్పుకుంటుందని. బయటి రోగం లోపలికి రాకుండా గేటు దగ్గర సిమెంటు తొట్టి కట్టించి మందునీళ్ళు పోయించింది కూడా డాక్టరే. ఎవరొచ్చినా చెప్పులు విడిచి, అందులో కాళ్ళు ముంచి లోపలికి రావాలి. వేరే పందుల దగ్గరినుంచి వచ్చినవాళ్ళైతే అసలు రానేకూడదు. పందుల గురించి అన్నీ నేర్చుకుంది మా చెల్లెలు. మేనమామని గేటు దగ్గర ఆపడం ఒక్కటే నేర్చుకోలేకపోయింది.

మా మావయ్య సంతల్లో పందుల బేరాలు చేసేవాడు. నాన్న పోయాక మా ఇద్దరి పెళ్ళిళ్ళకీ ఆయనే పెద్ద. ఆయన ముందు గట్టిగా దగ్గడానికి కూడా మాకు భయం. నేను అక్కడున్న రోజునే బండి దిగి, చెప్పులతో సహా తిన్నగా గేటు దగ్గరకి నడిచాడు. తొట్టిలో కాళ్ళు ముంచి వెళ్ళమని నేనే అన్నాను. ఆయన వెనక్కి తిరిగి, "మీ పందులకన్నా నా కాళ్ళు మురికేటే?" అన్నాడు. చెల్లెలు ఊరుకోమని నాకు కళ్ళతోనే చెప్పింది. తొట్టిని ఒక్క అంగలో దాటేసి, ఆడపడుచు వీపు మీద చరిచి, దాని నోరు తెరిపించి చూసి, మెచ్చుకుని, భోజనానికి కూర్చున్నాడు. కోడికూర రెండోసారి వడ్డిస్తుంటే తాపీగా చెప్పాడు. "నాతవరం వేపు ఒకడి పందులు రాలిపోతన్నాయే. సచ్చేలోగా అమ్మేసుకోవాలని ఆడి గోల. పొద్దుట్నించీ ఆడి షెడ్లోనే ఉన్నాను."

చెల్లెలు గరిటె గిన్నెలో పడేసింది. చెయ్యి కూడా కడుక్కోకుండా షెడ్డుకి పరుగెత్తింది. చీకటి పడేదాకా కడుగుతూనే ఉంది. ఏం లాభం? వారం తిరిగాక ఆడపడుచు మేత ముట్టలేదు. చెవులు ఎర్రబడి, తర్వాత నల్లబడ్డాయి. ఈ రోగానికి టీకా లేదన్నాడు డాక్టరు. అది పోయింది, దాని పక్కది పోయింది. పరీక్షలో రోగం తేలాక పశువుల ఆఫీసువాళ్ళు వచ్చి, బాగా తిరుగుతున్నవాటిని కూడా చంపి, గొయ్యి తీయించి సున్నం పోసి పూడ్చారు. చూలుతో ఉన్నదాన్ని కూడా వదల్లేదు. అలా చెయ్యకపోతే ఊరంతా అంటుకుంటుందని నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన చూడగలమా?

మావయ్య ఆ రోజూ వచ్చాడు. రోడ్డు మీద పోయేవాళ్ళకి కనపడేలా కట్టింది కదా, దిష్టి తగిలిందని గొయ్యి దగ్గర నిలబడి అందరికీ చెబుతున్నాడు. చెల్లెలు లేచి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. "దిష్టి కాదు మావయ్యా, నీ సెప్పులు" అంది. అరవలేదు, ఏడవలేదు. అంతే, మా అమ్మతో సహా అక్కడున్నవాళ్ళందరూ విరుచుకుపడ్డారు. ఆయన మీద కాదు, దాని మీద! పెద్దవాడితో అలాగేనా మాట్లాడ్డం అని.

చెల్లెలు మళ్ళీ పరవాడ బస్సెక్కుతోంది, మళ్ళీ దగ్గుతోంది. మావయ్యకి ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, బేరాలు మానేశాడు. పాపం పెద్దాయన, ఏ కల్మషమూ లేనివాడు అంటున్నారందరూ. మొన్న క్రిస్మస్‌కి చెల్లెలే ఆయనకి అన్నం కలిపి పెట్టింది. నేను చూడలేక పెరట్లోకి వెళ్ళిపోయాను. ఇన్నేళ్ళు గడిచినా నీకింకా కోపమేమిటి అంటారు నన్ను. గడిచిన ఏళ్ళు మా చెల్లెలికి ఒక్క పందిపిల్లనైనా తిరిగివ్వలేదు గానీ, మావయ్యని మాత్రం మంచివాణ్ణి చేసేశాయి.