గోలీని మినహాయించిన బేరం

"డిసెంబరు, ఆదివారం సాయంత్రం. కోట గోడ కింది మైదానం. హాజరైనవారు: మా సేటు, పశువుల సంతలో దలాలీ చేసే మామ, ఫుట్‌బాల్ క్లబ్బు కుర్రాళ్ళు పదకొండు మంది, నేను." నా డైరీలో ఆ పేజీ ఇలా మొదలవుతుంది.

ఆ రోజుల్లో, బీదరు మైసూరు రాష్ట్రంలో కలిసిన తొలి ఏళ్ళలో, పేరు కావాలనుకున్న వ్యాపారి కుస్తీలు నేర్పే తాలీం పెట్టి పహిల్వాన్లను పోషించేవాడు. ఎదురు బజారు సేటు ఆ పని ముందే చేసేయడంతో, పప్పుమిల్లు నడిపే మా సేటు చూపు ఫుట్‌బాల్ మీద పడింది. చుట్టుపక్కల పోటీలన్నీ గెలుస్తున్న కుర్రాళ్ళ క్లబ్బు ఒకటి, బూట్లకూ బస్సు కిరాయికీ గతిలేక, తమను తీసుకునే సేటు కోసం చూస్తోంది. "మంచిచెడ్డలు చూసి రాయి. పని సాఫుగ జేస్తివా, నీ నౌకరి పక్కా. లేకుంటె ఉగాది దాక గూడ ఉంచ" అన్నాడు సేటు. నేను తాత్కాలిక గుమాస్తాను. ఊళ్ళో అమ్మ, ఇద్దరు చెల్లెళ్ళు నా జీతం మీదే ఉన్నారు. కాబట్టి ఫుట్‌బాల్ ఆట నేను ఎన్నడూ చూడలేదన్న చిన్న విషయం పైకి చెప్పలేదు. (సేటు కూడా చూడలేదు.)

కొనడమంటే సేటుకు తెలిసిన పద్ధతి ఒక్కటే, ఎడ్లను కొనే పద్ధతి. అందుకే మామను పిలిపించాడు. మామ కుర్రాళ్ళను వరసగా నిలబెట్టి మోకాళ్ళు తట్టాడు, నెత్తి మీద సుడులు వెతికాడు, చివరికి కప్తాన్ దగ్గర ఆగాడు. కప్తాన్ దర్జీ కొడుకు.

"నోరు తెరువు బిడ్డా."

"మేం కాళ్ళతోని ఆడుతం మామా."

"కాళ్ళకు తాకత్ నోట్లకెల్లే పోతది. తెరువు."

పళ్ళు బాగున్నాయని నేను రాసుకున్నాను. తర్వాత ఆడి చూపించమన్నాం. పదిమంది చెమటలు కారుతూ పరుగెత్తారు. పదకొండోవాడు, గోలు కాసే గోలీ, రెండు కర్రల మధ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. (ఎదుటి జట్టే లేదు కనుక బంతి అతని వైపు రాలేదన్న సంగతి మాకు తట్టలేదు.)

"గాడు ఉరుకుతనే లేడు" అన్నాడు సేటు.

"మొండి ఎద్దు. కాడి మోపంగనే పండుకుంటది" అన్నాడు మామ.

"పదిమంది తీసుకోదగినవారు, ఒకడు పనిచేయడు, మినహాయించవచ్చు" అని నేను రాసి చదివి వినిపించాను. కప్తాన్ సేటు వైపు తిరిగాడు.

"గోలీ లేకుంట ఎట్ల ఆడుతం, సేట్ సాబ్? వస్తే పదకొండు మందిమొస్తం."

"కొనేటోడు అరక కట్టి చూస్తడు. రేపు పొద్దున మా మిల్లు హమాలీల మీద పదిమందే ఆడుర్రి. గెలిస్తే గుమాస్త మాట, ఓడితే మీ మాట" అన్నాడు సేటు.

నా నౌకరీ కూడా ఆ అరకకే కట్టి ఉందని అందరికీ తెలుసు.

మర్నాడు పొద్దున్న హమాలీలు వచ్చారు. వాళ్ళకూ ఆట తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా రాలేదు. ఎక్కడి నుంచి తన్నినా బంతి దొర్లుకుంటూ ఖాళీ గోలులోకి పోతోంది. సేటు నా వైపు చూశాడు. ఆ చూపుతో ఉగాది ఇంకా దగ్గరికి జరిగింది. ఇక నిలవలేక ధోతి ఎగ్గట్టి, వెళ్ళి ఆ కర్రల మధ్య నిలబడ్డాను. ఒక్కసారికి రెండేసి బస్తాలు మోసే హమాలీ ఒకడు బంతిని తన్నాడు. అది నా పొట్టలో దిగింది. నేను పడిపోయాను, బంతి నా కిందే ఉండిపోయింది.

గట్టు మీద కూర్చున్న గోలీ మైదానం ఆ చివర నుంచి బాణంలా వచ్చి నన్ను లేపాడు. "గుమాస్తన్నా, పానమున్నదా?"

మామ సేటు చెవి దగ్గరికి వంగాడు. "సేటూ, పోరడు ఉరుకుతడు. మంచిగనే ఉరుకుతడు."

"గట్లయితె పదకొండు మందిని రాసుకోర్రి" అన్నాడు సేటు. నన్నోసారి చూసి, "గుమాస్తను గూడ రాసుకోర్రి. పక్కా" అన్నాడు.

ఇప్పుడు ఆ పేజీ తీసినప్పుడల్లా, కర్రల మధ్య కళ్ళు గట్టిగా మూసుకుని, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుంటున్న కుర్ర గుమాస్తా కనిపిస్తాడు. కళ్ళు తెరవరా నాయనా అని చెప్పాలనిపిస్తుంది. తెరిస్తే మాత్రం పక్కకు తప్పుకుంటాడు. అందుకని నవ్వుకుని ఊరుకుంటాను.