మా వదిన ఫోను ఎంచిన తీరు

నాకు ఆ వార్త మొదట తెచ్చింది తమలపాకుల ఆవిడ. హరూర్ నుంచి తొలి బస్సులో తమిళనాట మా ధర్మపురికి వచ్చి, మా వీధిలో నాలుగిళ్ళకు ఆకు ఇచ్చి, మా అరుగు మీద కూర్చుని నీళ్ళు తాగి పోవడం ఆమె అలవాటు. ఆ రోజు చెంబు అందించినా తీసుకోలేదు.

"అమ్మా, మీ ఆడబిడ్డ కడ మూసేస్తుందంట. మీకు తెలుసునా?"

"ఎవరు చెప్పినారు నీకు?"

"ఆయమ్మే చెప్పింది. వచ్చే నెల నుంచి ఆకు నాకు వద్దు, వేరే కడకు వేసుకో అనింది. ఎందుకమ్మా అంటే పలకలేదు."

మా ఆయనకు అక్క ఆమె, నాకు వదిన. పెళ్ళయిన ఏడేళ్ళకే భర్త పోతే, అందరూ పుట్టింటికి రమ్మన్నా రాకుండా, హరూర్‌లోనే పూజ సామాన్ల అంగడి, మా వైపు మాటలో కడ, పెట్టుకుని ముప్పై ఏళ్ళకు పైగా నడిపిన మనిషి. ఎనిమిదేళ్ళ కిందట ఆమెకు చూపు తగ్గడం మొదలైంది. కంటి నరం దెబ్బతిందని, పోయిన చూపు తిరిగి రాదని సేలంలో డాక్టరు చెప్పారు. ఇప్పుడు ఆమెకు వెలుగు, నీడ మాత్రం తెలుస్తాయి.

అయినా అంగడి ఒక్కరోజు మూయలేదు. కర్పూరం, సాంబ్రాణి, పసుపు ఆమె ముక్కుకు తెలుస్తాయి. వత్తులు, దారాలు, కుందులు వేళ్ళకు తెలుస్తాయి. ముక్కుకూ వేళ్ళకూ అందని వాటికి ఫోను ఉండేది. పొట్లం ముందు పట్టుకుంటే దాని మీద ఏముందో అరవంలో గట్టిగా చదివేది. పెద్ద అంగడి నుంచి పొద్దున్నే వచ్చే సరుకుల జాబితా చదివేది. ఎవరు పిలుస్తున్నారో చెప్పేది. ఆరేళ్ళుగా అదే ఫోను.

నేను ఆ రోజే బస్సెక్కాను. వదినను మా ఇంటికి తెచ్చుకుందామని, ఆమె చీరలు పెట్టడానికి ఖాళీ సంచి ఒకటి మడిచి పట్టుకున్నాను. స్వామికి దండం పెట్టుకుని, 'ఆమె కాదనకుండా చూడు తండ్రీ' అని కూడా అడిగాను. అడగకూడనిది అడిగానని తరువాత తెలిసింది.

అంగడిలో వదిన గల్లాపెట్టె వెనక కూర్చుని ఉంది. నా అడుగుల చప్పుడుకే తల ఎత్తింది.

"ఏమే, చెప్పకుండా వచ్చినావు? చేతిలో ఏమది, గరగర అంటా ఉంది?"

"సంచి వదినా."

"ఖాళీ సంచా?"

నేను దాన్ని కొంగు చాటుకు లాక్కున్నాను. అది మళ్ళీ గరగరమంది.

"నన్ను మూట కట్టుకొని పోయేదానికి వచ్చినావా? ఆ సంచి చాలదు, ఇంకా పెద్దది తెచ్చుకో పో."

నవ్వుతూనే అంది. అప్పుడు చెప్పింది జరిగిన సంగతి. పూజలకూ శుభాశుభాలకూ కావలసినవన్నీ ఒక్కో సంచిలో కట్టి, పైన పేరు అచ్చువేసి పంపుతారు పెద్ద అంగళ్ళవాళ్ళు. గృహప్రవేశానికి ఒకటి, హోమానికి ఒకటి, కర్మకు ఒకటి. అన్నీ ఒకే కొలత, ఒకే ప్లాస్టిక్ కవరు. సరుకు దింపినవాడు ఆ వారం అన్నింటినీ ఒకే అరలో పెట్టి పోయాడు. అంతకు కొద్ది రోజుల ముందే ఫోనులో చదివిపెట్టే యాప్ ఆగిపోయింది. ఆ ఫోనుకు అప్‌డేట్లు రావడం ఎప్పుడో నిలిచిపోయిందట. కొత్త యాప్ ఇంత పాత ఫోనులో దిగదట. కొత్త ఇంట్లో పాలు పొంగించబోయే దంపతులు వచ్చి అడిగితే, వదిన కర్మ సంచి తీసి, పసుపు కుంకుమ పైన పెట్టి, చల్లగా ఉండండి అని చేతికిచ్చింది.

వాళ్ళు తిట్టలేదు. మర్నాడు తెచ్చి, గల్లాపెట్టె మీద మెల్లగా పెట్టి, మార్చి ఇమ్మన్నారు. అంతే.

"తిట్టింటే బాగుండు. శుభానికి వచ్చినవాళ్ళ చేతిలో నువ్వులు, దర్భలు పెట్టినాను చూడు. ఇంక ఈ కడలో నేను కూర్చోకూడదు."

"ముళ్ళు వేసి గుర్తు పెట్టుకోవచ్చు గదా వదినా? ఒక్కోదానికి ఒక్కో రకం దారం..."

"నలభై రకాలకు నలభై ముళ్ళా? నేను కడ నడపాలా, జడలు అల్లాలా?"

ఆ మాట అన్న మనిషికి అంగడి మూయాలని లేదని నాకు అర్థమైంది. సంచిని బొడ్డులో దోపుకున్నాను. ఆమెకు కావలసింది మా ఇల్లు కాదు, ఫోను.

ఆదివారం హోసూర్ నుంచి మా అబ్బాయి, కోడలు నేరుగా హరూర్‌కే వచ్చారు. వాడిది ఐఫోన్, ఆమెది ఆండ్రాయిడ్. పెళ్ళయిన నాటి నుంచి ఆ ఇంట్లో రెండు మతాలు. ఇద్దరూ తమ తమ ఫోన్లు వదిన ముందు పెట్టారు.

"అత్తా, చూపులేనివాళ్ళకు దీన్ని మించింది లేదు. పెట్టెలో నుంచి తీసిన నిమిషం నుంచి మాట్లాడుతుంది. ఏండ్ల తరబడి అప్‌డేట్లు వస్తాయి," అన్నాడు అబ్బాయి.

"పెద్దత్తకు ఆరేండ్లుగా ఆండ్రాయిడ్ చేతికి అలవాటు. మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవల్లా? నీకు తెలిసిందే వేదమా?" అంది కోడలు.

"ఈ సంగతి పెళ్ళికి ముందే అడిగింటే బాగుండు నువ్వు."

"అడిగింటే పెళ్ళే నిలిచిపోయింటుంది."

వదిన పకపక నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

ఆ పూటంతా రెండు ఫోన్లనూ మార్చి మార్చి చూసింది. నేను సాయం చేద్దామని ఆమె చూపుడువేలు పట్టుకుని అద్దం మీద జరపబోయాను. విదిలించేసింది. "నీకు తెలియంది నాకు నేర్పుతావేమే?" నిజమే. నేను బడికి పోలేదు. కాపురానికి వచ్చేనాటికి నోట తెలుగు ఉంది గానీ చదవడం, రాయడం రాదు. మా వైపు తెలుగువాళ్ళలో చాలామందికి ఇప్పటికీ రాదు. పళ్ళెంలో బియ్యం పరిచి, నా వేలు ఇలాగే పట్టుకుని, అక్షరాలు దిద్దించింది ఈ వదినే. ఆమె పండగకు పుట్టింటికి వచ్చినప్పుడల్లా నాలుగు అక్షరాలు. నేను పొద్దున పూజలో చదువుకునే ప్రతి పుటా ఆమె పెట్టిందే. అందుకే ఆ వేలు విదిలింపు నాకు ఆశీర్వాదంలా అనిపించింది.

గంట తిరిగేసరికి రెండు ఫోన్లలోనూ ఆమె వేలు పరుగులు తీసింది. రెండూ అరవం బాగానే చదివాయి, తెలుగూ చదివాయి. "రెండూ మంచివే. ఒకదాని గొంతు కొత్త కోడలి మాదిరి ఉంది, ఇంకోదాని గొంతు తాసిల్దారు మాదిరి. గొంతుకేమిలే," అని రెండింటినీ పక్కన పెట్టింది. "ఇప్పుడు నేనడిగేదానికి చెప్పండి. మా నాయన త్రాసు కొనేటప్పుడు రెండు మాటలు అడుగుతాండె."

మా మామగారి మాట నాకూ గుర్తుంది. ధర్మపురిలో తాను నడిపిన అంగడికి కొత్త త్రాసు కావలసి వస్తే, ఆయన దాని మెరుపు చూడడు, తయారుచేసిన ఊరు అడగడు. విరిగితే పొద్దుగూకేలోగా బాగుచేసేవాడు మన ఊళ్ళో ఉన్నాడా? ఇంకెన్నేళ్ళు దీనికి సర్కారు ముద్ర పడుతుంది? ఇవే అడుగుతాడు. గడువు రాగానే అధికారి త్రాసును పరీక్షించి ముద్ర వేస్తాడు. ముద్ర లేని త్రాసు ఎంత సరిగ్గా తూచినా దానితో వ్యాపారం చేయకూడదు. పాతబడి ముద్రకు నిలవని త్రాసు ఎంత ముచ్చటైనదైనా అటక ఎక్కాల్సిందే.

"అత్తా, ఇది ఫోను. త్రాసు కాదు," అన్నాడు అబ్బాయి.

"నీకు ఫోను. నాకు త్రాసే. నా పాత ఫోను విరగలేదురా, గీత కూడా పడలేదు. ముద్ర పడక పోయింది. చెప్పు, వీటికి ఇంకా ఎన్నేండ్లు ముద్ర?"

ఇద్దరూ తల వంచుకుని వెతికారు. వాడి ఫోనుకు ఇంకా చాలా ఏళ్ళున్నాయి. కోడలి ఫోనుకు ఒక్క ఏడాదే ఉంది. ఆమె ముఖం చిన్నబోయింది. వాడు మీసం తిప్పాడు.

"నిక్కద్దురా. పగిలితే బాగుచేసేవాడెవరు ఈ ఊళ్ళో?"

మీసం మీది చేయి కిందికి దిగింది. అది వాడికి తెలియదు.

మర్నాడు పిల్లలు సెలవు పెట్టి ఆగారు. నలుగురం బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే అతని దగ్గరకు పోయాం. నడివయసు మనిషి, అరచేతి వెడల్పు అంగడి, గోడ నిండా చిన్న చిన్న సొరుగులు. అతను మాట్లాడింది అరవంలో. నేను తెలుగులో రాస్తున్నాను. వదిన నిలబడే అడిగింది.

"తమ్ముడూ, ఏ ఫోను మేలని నేనడగను. ఏది నీ చేతులారా విప్పి కడతావు? దేని సామాను నీ సొరుగులో ఉంది?"

అతను రెండు మూడు సొరుగులు లాగి చూసి, ఒక ఆండ్రాయిడ్ రకం చెప్పాడు. "దీని అద్దం, బ్యాటరీ, ఛార్జింగ్ పిన్ను ఎప్పుడూ పెట్టుకుని ఉంటానక్కా. పొద్దున ఇస్తే సాయంత్రానికి ఇచ్చేస్తాను."

"విప్పాలంటే నా తాళం నంబరు చెప్పాల్నా?"

"అద్దం మార్చేదానికి నంబరెందుకు? ఎవరడిగినా చెప్పవద్దు. ఈ స్టూలు మీద కూర్చోండి, మీ ముందరే విప్పుతాను."

అబ్బాయి ఆగలేక, "ఐఫోన్ విప్పలేరా మీరు?" అన్నాడు.

"విప్పుతాను సార్. అసలు సామాను సేలం నుంచి తెప్పించాలి. మూడు నాలుగు రోజులు పడుతుంది. మామూలువాళ్ళకు పరవాలేదు, అక్కకైతే..."

"చెప్పు నాయనా, ఎందుకు ఆగినావు?" అంది వదిన. "నాకు నాలుగు దినాలు గుడ్డితనం. అదే గదా?"

అతను తల దించుకున్నాడు. వదినకు అది కనపడలేదు, తెలిసింది. అతని బల్ల మీద చేయి వేసి, "నిజం చెప్పినావు. నువ్వు మంచి వ్యాపారస్తుడివి," అంది. మా ఇంట్లో దానికంటే పెద్ద బిరుదు లేదు.

ఇక ముద్ర సంగతి. ఆ రకంలోనే నాలుగైదు ఫోన్లున్నాయి. చవకవాటికి రెండేళ్ళు, ఒకదానికి మాత్రం ఆరేళ్ళు అప్‌డేట్లు ఇస్తామని కంపెనీవాళ్ళే రాశారట. అబ్బాయి అక్కడే నిలబడి చదివి వినిపించాడు. "ఎవరో చెప్పింది కాదు గదా? వాళ్ళే రాసినారా?" అని రెండుసార్లు అడిగి, వదిన సరేనంది. గెలిచింది నేనే అని కోడలు, ఆరేళ్ళు కనుక్కున్నది నేనే అని వాడు, బస్సు దాకా వాదించుకుంటూనే పోయారు.

శుభానికి కర్మ సంచి ఇచ్చానన్న బరువు వదిన గుండెల మీద నుంచి దిగిందో లేదో నాకు వెంటనే తెలియలేదు. ఆ ఫోను కొన్న వారం వదిన దగ్గరే ఉన్నాను. ఆమె అరలన్నీ ఖాళీ చేసి, ఒక్కో సంచీ ఫోను ముందు పట్టి, పేరు రెండుసార్లు వినిపించుకుని, ఒక్కోదానికి ఒక్కో అర కేటాయించింది. కర్మ సంచులను మాత్రం వేరే గోడకు మార్చింది. ఎవరైనా శుభానికని వస్తే, సంచి తీసి వాళ్ళ ఎదుటే ఫోనుతో చదివించి, "విన్నారు గదా?" అని అడిగి, ఆ తరువాతే పసుపు కుంకుమ పెడుతుంది. మొదట జనం వింతగా చూశారు. ఇప్పుడు అదే అలవాటైంది. చదివించకుండా ఇస్తే వాళ్ళే అడుగుతారు. తప్పు జరిగిన చోటే ఆమె ఒక పద్ధతి పుట్టించింది. కళ్ళున్నవాళ్ళ అంగళ్ళలో ఆ పద్ధతి ఎక్కడా లేదు.

పోయిన వానాకాలంలో ఫోను చేయి జారి కడప రాయి మీద పడి, అద్దం పగిలింది. ఆ సంగతి నాకు మూడో రోజు తెలిసింది, అదీ ఫోనులో మాటల మధ్యలో.

"అయ్యో, ఒక్క మాట చెప్పకూడదా వదినా?"

"చెప్తే ఏమి చేస్తావు? షట్టర్ సగానికి దించి, కర్ర పట్టుకొని పోయినాను. స్టూలు మీద కూర్చున్నాను. అతను విప్పినాడు, అతికించినాడు. అంతసేపూ ఊరి కథలు చెప్పినాడు. దీపాల వేళకు కడ తెరిచినాను. అంతే గదా?"

అంతే. కానీ నేను ఫోను పెట్టేసి, పూజ గదిలో కూర్చుని, ఏమీ అడగకుండా చాలాసేపు దండం పెట్టుకున్నాను. ఇచ్చినవాటికి దండం పెట్టడమే తెలిసిన దాన్ని. అడిగినది ఇవ్వనందుకు దండం పెట్టడం ఆ రోజే నేర్చుకున్నాను.

ఈ మధ్య ఆమె దగ్గరకు వేరే ఊళ్ళవాళ్ళు కూడా వస్తున్నారు. బి. మల్లాపురం నుంచి చూపు మందగించిన పెద్దాయన ఒకరు, కూతురు చేయి పట్టుకుని, ఏ ఫోను కొనాలమ్మా అని అడగడానికి వచ్చారు. వదిన ఫోను పేరు చెప్పలేదు. "మీ ఊళ్ళో విప్పేవాడు ఎవరో చూసుకొని రాపోండి. అది తెలిసినాక ఎన్నేండ్లు అప్‌డేట్లు వస్తాయో అడగండి. ఫోను అదే తేలుతుంది," అని పంపింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. ఆయన మెట్లు దిగుతూ కూతురితో, "ఈయమ్మకు కనపడదంటారే, నిజమేనా?" అన్నారు. నా ఒళ్ళు పొంగింది. ఆమె నా వదిన అని వీధిలోకి పోయి చెప్పాలనిపించింది.

చదివేవారికి ఒక్క మనవి. రేపు పొద్దున మీరు దీపం పెట్టి మీ వాళ్ళందరినీ తలచుకునేటప్పుడు, హరూర్‌లో ఏడు గంటలకు తన చేతులతో తానే షట్టర్ ఎత్తే మా వదినను కూడా ఒక్కసారి తలచుకోండి. పాపం అనుకోవద్దు, ఆమెకు గిట్టదు. ఈ రోజు కూడా అంగడి తెరిచింది అనుకోండి, చాలు.